కరివేపాకుకి కరెంటు ఎండ: మిషిగన్‌లో నా మూడు శీతాకాలాలు

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి పడమటి శివార్లలో. ఇక్కడ మే నడిమి దాకా మంచు భయం, అక్టోబరు వచ్చిందంటే మళ్ళీ అదే భయం. మధ్యలో దొరికే అయిదు నెలల్లోనే మన తెలుగువాళ్ళు పెరట్లో బీర పందిరి, సొర పందిరి వేసేసి, ఆగస్టులో ఎవరింటికి వెళ్ళినా బయల్దేరేటప్పుడు చేతిలో ఒక సొరకాయ పెట్టి పంపిస్తారు. నేను ఆ బాపతు కాదు. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టినా, చేలో నీళ్ళు కట్టే పని తప్పించుకోడానికే వీడు లెక్కలు బాగా చదివాడని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. మాట అబద్ధం కాదు.

కరివేపాకు మొక్క మా ఆవిడ తెచ్చింది. ఇండియన్ స్టోర్లో గుప్పెడు రెబ్బలున్న పాకెట్టు రెండు డాలర్లు, ఇంటికొచ్చేసరికి సగం నల్లబడి ఉంటాయి. ఊరినుంచి వచ్చేవాళ్ళతో తెప్పించుకుందామంటే పచ్చి కరివేపాకు ఈ దేశంలోకి రానివ్వరు. దాని మీద బతికే ఒక బుల్లి పురుగు నిమ్మ, నారింజ తోటల్ని తినేసే తెగులుని మోసుకొస్తుందని ఎయిర్‌పోర్టులోనే తీసి చెత్తబుట్టలో పడేస్తారు. అందుకని వేసవిలో ఎవరిదగ్గరో జానెడు మొక్క కొని తెచ్చింది. నాలుగు నెలలు డెక్ మీద బాగానే ఎదిగింది. అక్టోబరులో లోపలికి తెచ్చి, దక్షిణం కిటికీ పక్కన పెట్టాం. డిసెంబరుకి పసుపెక్కింది. జనవరిలో పుల్ల మిగిలింది.

ఆ రెండు నెలల్లో అడిగిన ప్రతివాళ్ళూ ఒక మందు చెప్పారు. పుల్లమజ్జిగ పొయ్యమన్నారు ఒకరు, ఎరువు చాల్లేదన్నారు ఇంకొకరు. ఆకు రాలుతుంటే దాహం అనుకుని నేను నీళ్ళు పోశాను. కుండీ తిరగేసి చూస్తే వేళ్ళు మెత్తగా కుళ్ళిపోయి ఉన్నాయి. ఎండ లేని మొక్క నీళ్ళు తాగదు. ఆ ఒక్క ముక్కా అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఆఫీసులో ఒక కుర్రాడు మాటల్లో అన్నాడు, "అన్నా, ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని కొలిచి చూడు" అని. కొలిచాను. లక్స్ అంటే వెలుగుని కొలిచే యూనిట్. మబ్బు పట్టిన జనవరి మధ్యాహ్నం, ఆ కిటికీ దగ్గర 1,800 లక్స్. కిటికీకి రెండడుగులు ఇవతల 600. భోజనాల బల్ల మీద, లైట్లన్నీ వేసుకుంటే, 200. మంచి ఎండలో ఆరుబయట లక్ష లక్స్ ఉంటుంది. అంటే తెనాలి ఎండకి పుట్టిన మొక్కని తెచ్చి, దాని తిండిలో యాభయ్యో వంతు పెట్టి, రోజుకి తొమ్మిది గంటలే పగలుండే ఊళ్ళో కూర్చోబెట్టాను. మన కన్ను ఇక్కడే మోసం చేస్తుంది. చీకట్లోకి వెళ్తే కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది, గది వెలుగ్గానే ఉందనిపిస్తుంది. ఆకుకి ఆ సర్దుబాటు లేదు.

నిజం చెప్పాలంటే మొక్కల మీద నాకు ఆసక్తి పుట్టింది ఆ అంకెలు చూసిన రోజే. మట్టి గురించి ఎవరైనా చెప్తే ఆవులింతలొచ్చేవి. కొలిచే వస్తువు అనేసరికి లేచి కూర్చున్నాను.

రెండో ఏడు ఇంకో కరివేపాకు మొక్క తెచ్చుకుని, ఆన్‌లైన్‌లో ఒక ఊదారంగు లైటు కొన్నాను. డబ్బా మీద 1000 వాట్లు అని రాసుంది, ధర మాత్రం అరవై డాలర్లు. అక్కడే అనుమానం రావాల్సింది. బేస్‌మెంట్‌లో వేలాడదీసి వేస్తే ఇల్లంతా రికార్డింగ్ డాన్సు స్టేజీలా అయింది. బేస్‌మెంట్ చిన్న కిటికీలోంచి ఆ రంగు బయటి మంచు మీద పడి, ఎదురింటాయన మర్నాడు చెత్తడబ్బా దగ్గర కలిసి కన్ను గీటాడు. ఈ రాష్ట్రంలో 2018 ఎన్నికల్లో గంజాయిని చట్టబద్ధం చేశారు, ఇంటికి పన్నెండు మొక్కల దాకా పెంచుకోవచ్చు. ఆయనకి కరివేపాకు అంటే ఏంటో చెప్పేసరికి నా చెవులు చలికి మొద్దుబారిపోయాయి.

ఊదారంగు ఎందుకంటే, ఆకులోని పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ ఎక్కువగా పీల్చుకుంటుంది. ఆకుపచ్చని మాత్రం వాటికన్నా ఎక్కువగా వెనక్కి పంపిస్తుంది, అందుకే మనకి ఆకు పచ్చగా కనిపిస్తుంది. మరి అక్కర్లేని రంగుకి కరెంటెందుకు తగలెయ్యాలి అని మొదట్లో ఎరుపు, నీలం చిప్పులు మాత్రమే పెట్టి లైట్లు చేశారు. ఎరుపు ఎల్‌ఈడీలు అరవైల్లోనే వచ్చాయి. నీలం ఏళ్ళ తరబడి ఎవరికీ లొంగలేదు. చివరికి దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఆ నీలం చిప్పు మీద పసుపు వెలుగునిచ్చే ఒక పొడి పూత పూస్తేనే మన ఇళ్ళల్లో వెలిగే తెల్ల ఎల్‌ఈడీ. ఇంకో సంగతి, ఆకుపచ్చ కాంతి మొక్కకి పూర్తిగా దండగేం కాదు. ఆకులో లోతుగా దిగి అదీ కొంత పని చేస్తుందని 1970ల మొదట్లోనే మెక్‌క్రీ అనే ఆయన రకరకాల పంటల మీద కొలిచి చూపించాడు. 2015లో అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తాము పెంచిన ఎర్ర లెట్యూస్ ఆకులు కోసుకు తిన్నారు కదా, ఆ పెట్టెలో ఎరుపు, నీలంతోపాటు ఆకుపచ్చ లైట్లు కూడా పెట్టారు, మొక్క మనిషి కంటికి మొక్కలా కనిపించడానికి. ఆ చివరి ముక్క విలువ నాకు ఆ ఫిబ్రవరిలో తెలిసింది.

ఊదా వెలుగులో ఆకులన్నీ నల్లగా కనిపిస్తాయి. పచ్చగా ఉందో, పసుపెక్కిందో, పురుగు పట్టిందో తెలిసే దారి లేదు. ఒకరోజు కుండీని మెట్లు ఎక్కించి వంటింటి లైటు కింద పెట్టి చూస్తే ఆకుల నిండా సూదిమొనంత తెల్ల చుక్కలు, కొమ్మల సందుల్లో సన్నటి సాలెగూడు లాంటి దారాలు. ఫోటో తీసి అమ్మకి పంపాను. "ఎర్రనల్లిరా అది. మిరపకి పట్టదూ, అదే. ఎన్నాళ్ళయింది చూసుకోక?" అంది. హీటరు గాలికి ఇల్లంతా పొడిబారిపోతే నల్లికి పండగే. స్నానాల గదిలో తొట్టిలో పెట్టి, ఆకుల అడుగుభాగాలు తగిలేలా షవర్‌తో కడిగి, నాలుగు రోజులకోసారి సబ్బునీళ్ళు కొట్టాను. మొక్క చావలేదు. కానీ వేసవి వచ్చేదాకా ఒక్క చిగురు వెయ్యలేదు.

మూడో శీతాకాలానికి ముందు బుద్ధి తెచ్చుకుని, సరుకు తెలిసినవాడి దగ్గరికే వెళ్దామని హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్ళల్లో మొక్కలు పెంచడం) సామాన్లమ్మే షాపుకి వెళ్ళాను. మా చుట్టుపక్కల అవి కిరాణా కొట్లంత విరివిగా ఉన్నాయి, కారణం ఇందాక చెప్పిందే. కౌంటర్ దగ్గర గుండెల దాకా గడ్డమున్న మనిషి. ఎన్ని మొక్కలు అన్నాడు. ఒకటి అన్నాను. ఏ రకం అన్నాడు. కరివేపాకు అన్నాను. ఆ పేరుతో కొత్త రకం వచ్చిందనుకున్నాడు కాబోలు, మత్తు ఎలా ఉంటుందని అడిగాడు. తాలింపులో వేస్తారని చెప్పాక చాలాసేపు నవ్వి, తర్వాత అరగంట కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. గంజాయి పెంపకందార్లు కరెంటు బిల్లుకి ఏడ్చి ఏడ్చి మెరుగైన ఎల్‌ఈడీలు అడగబట్టే నీలాంటివాళ్ళకి ఈ ధరకి దొరుకుతున్నాయి, వాళ్ళకో దణ్ణం పెట్టుకో అన్నాడు. అతిశయోక్తి కొంత ఉండొచ్చు గానీ, కొట్టిపారేసే మాట కాదు.

అతను చెప్పినవాటిలో నాకు పనికొచ్చినవి ఇవి. డబ్బా మీద "ఇన్ని వాట్లకి సమానం" అన్న అంకె చూడొద్దు, గోడ ప్లగ్గులోంచి నిజంగా ఎన్ని వాట్లు లాగుతుందో చూడు. ఒక వాటుకి మొక్కకి పనికొచ్చే కాంతి ఎంత ఇస్తుందో రాశారా చూడు, అది రాయనివాడి దగ్గర కొనకు. తెల్ల కాంతిదే తీసుకో, వెలుగు తగ్గించే డిమ్మరున్నది తీసుకో. ఇంటికొచ్చి పాత ఊదారంగు లైటుని ప్లగ్గు మీటరుకి తగిలించి చూశాను. 1000 వాట్ల డబ్బా 92 వాట్లు లాగుతోంది.

అతని దగ్గరే 100 వాట్ల తెల్ల ప్యానెల్ కొన్నాను, రెండడుగుల చదరానికి సరిపోయేది. దాంతో మొదలైంది నా అసలు సరదా. కాంతిని వానలా ఊహించుకోండి. జోరు ఎంత అన్నది ఒక లెక్క, పొద్దున్నించి సాయంత్రం దాకా కుండలో ఎంత నీరు నిండింది అన్నది ఇంకో లెక్క. మొక్కకి కావలసింది రెండోది. చదరపు మీటరు మీద సెకనుకి పడే జోరుని మైక్రోమోల్స్‌లో, రోజు మొత్తాన్ని మోల్స్‌లో కొలుస్తారు; మోల్‌లో పదిలక్షో వంతు మైక్రోమోల్. తెల్ల ఎల్‌ఈడీ అయితే ఫోన్‌లో చూపించిన లక్స్‌ని 70తో భాగిస్తే జోరు ఇంచుమించుగా వచ్చేస్తుంది. డిమ్మరు 60 శాతం దగ్గర పెట్టి, కొమ్మ చివర్లకి అడుగున్నర ఎత్తులో ప్యానెల్ వేలాడదీస్తే 20,000 లక్స్ వచ్చింది. అంటే జోరు 285. పదహారు గంటలు వెలిగిస్తే రోజుకి 16 మోల్స్. ఆకుకూరలకి 12 నుంచి 17 ఉంటే చాలంటారు, టమాటా, మిరప కాయాలంటే 20 పైన కావాలి. కరెంటు రోజుకి ఒక యూనిట్‌కి కాస్త తక్కువ, మా బిల్లు రేటులో నెలకి అయిదున్నర డాలర్లు. రెండు డాలర్ల పాకెట్లు లెక్కేసుకున్నా ప్యానెల్ ఖర్చు తేలడానికి ఏళ్ళు పడుతుందని మా ఆవిడ ఒక ఎక్సెల్ షీటు చేసి చూపించింది. ఆ షీటు నేను ఇంకా తెరవలేదు.

ఆ అక్టోబరులో అమ్మ వచ్చింది, ఆరు నెలలు ఉండటానికి. బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్ళి చూపిస్తే, లైటు కేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, "దీపం పెట్టి మొక్కని సాకుతున్నావా? తులసికోటకి కూడా ఇంతసేపు పెట్టం గదరా" అంది. కుండీని తాకింది. సిమెంటు నేల మీద చేత్తో రాసి చూసింది. "పైన ఎండ పెట్టావు బానే ఉంది, కాళ్ళు మంచులో పెట్టావేం?" అని గరాజులో మూలన పడున్న చెక్కపీట తెచ్చి కుండీ కింద వేసింది. రెండు వారాల్లో చిగుళ్ళు లేచాయి. నా లక్స్ మీటరు నేల చల్లదనం గురించి ఏం చెప్పలేదు మరి. వచ్చిన చిగుళ్ళని నేను ఫోటోలు తీసుకుంటుంటే ఆవిడ గోటితో గిల్లేసింది. నాకు ప్రాణం పోయినంత పనైంది. గిల్లినచోట ఒక్కోదానికి రెండేసి కొమ్మలొచ్చాయి.

కరివేపాకు పక్కన ఖాళీ ఉందని అమ్మ ఊరినుంచి పొట్లంలో తెచ్చిన గోంగూర గింజలు వేసింది, ఒక ట్రేలో మెంతులు చల్లింది. మెంతి వారానికే కోతకొచ్చింది. గోంగూర దగ్గర నేను తెలివి ఉపయోగించాను. టైమరుని పదకొండు గంటలకి తగ్గించి, ఆ లోటు పూడ్చడానికి డిమ్మరు పెంచాను. రోజు మొత్తం లెక్క సమానమే కదా అని నా ధీమా. జనవరిలో మోకాలెత్తు కూడా లేని గోంగూర మొగ్గలు తొడిగింది. ఆకులు చిన్నబోయాయి, కాడ ముదిరింది. ఎరువు గురించి నేను వెతుక్కుంటుంటే అమ్మ తేల్చేసింది. "దసరా దాటి పొద్దు కుంచించుకుపోతే గోంగూర పూతకి రాదా ఏంటి? నీ దీపం ఎప్పుడు ఆరిపోతుంది?" గోంగూర పగలు కురచైనప్పుడు పూతకొచ్చే మొక్క. రాత్రి ఎంత పొడుగు అన్నదాన్నిబట్టే ఏ కాలమో తెలుసుకుంటుంది. వెలుగు ఎంత తిన్నా, రాత్రి పదమూడు గంటలుంటే అది కార్తీకమే దానికి. మొగ్గలు తుంచి, మళ్ళీ పదహారు గంటలకి మార్చాను. కొత్తగా వేసిన గింజలు మార్చి దాకా ఆకులిస్తూనే ఉన్నాయి. బయట రెండడుగుల మంచు, లోపల గోంగూర పచ్చడి.

ఒక విషయం నేను ముందు అనుకోనిది. ఇక్కడికి చలికాలంలో వచ్చిన పెద్దవాళ్ళు ఎలా ఉంటారో తెలుసు కదా. అయిదు దాటితే చీకటి, బయటకి అడుగు పెట్టలేరు, మేం ఆఫీసు కాల్స్‌లో ఉంటాం, టీవీలో సీరియళ్ళు ఎన్నని చూస్తారు. మొదటి నెల అమ్మ రోజులు లెక్కపెట్టుకుంది. నవంబరు చివర్లో ఒక సాయంత్రం ఇంట్లో ఎక్కడా కనపడలేదు. కిందికెళ్ళి చూస్తే లైటు పక్కన మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో పత్తి పెట్టుకుని వత్తులు చేసుకుంటోంది. "ఇక్కడ పొద్దుగుంకదురా" అంది. ఆ తర్వాత అదే ఆవిడ చోటు. పిల్ల హోంవర్క్ పట్టుకుని అక్కడికే వెళ్ళేది. నేను కూడా కాల్స్ కొన్ని అక్కడే కూర్చుని మాట్లాడాను, వెనకాల గోంగూర చూసి టీమ్ వాళ్ళు అడిగేవారు.

చూడ్డానికి వచ్చినవాళ్ళకీ అంటుకుంది. మొక్కల పిచ్చి ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళకి పెరడుంది, వేసవుంది. ఈసారి అంటుకుంది అవి రెండూ లేనివాళ్ళకి. కరీంనగర్ నుంచి వచ్చి అపార్ట్‌మెంట్లో ఉంటున్న ఒకావిడ, బాల్కనీ కూడా లేదు, "అన్నా, పుంటికూర ఇంట్ల పెరుగుతదంటే నేను నమ్మలె" అంటూ వచ్చి చూసి, పుస్తకాల అలమరలో ఒక అర ఖాళీ చేసి, నాలుగడుగుల మామూలు ఎల్‌ఈడీ ట్యూబు బిగించి మొదలుపెట్టింది. ట్యూబు పాతిక డాలర్లు. మొక్కలకని ప్రత్యేకంగా చేసింది కూడా కాదు, ఆకుకూరకి అది చాలు, నాలుగైదు అంగుళాల దగ్గరగా పెడితే. పాత రకం సోడియం దీపాలైతే ఆ దూరంలో ఆకులు మాడిపోతాయి, ఎల్‌ఈడీ వేడి తక్కువ కాబట్టే అలమరలో పట్టింది. ఎమ్మెస్ చదువుతున్న మా పిన్ని కొడుకు, నలుగురు ఒక గదిలో ఉంటారు, టేబుల్ లైటులో మొక్కల బల్బు పెట్టి కొత్తిమీర వేశాడు. అది మాత్రం సన్నగా సాగి పడిపోయింది. బల్బు మూడడుగుల పైన ఉంది. దించమని చెప్తే, దించితే రూమ్మేట్‌కి నిద్ర పట్టదన్నాడు. అన్నిటికీ నా దగ్గర లెక్క లేదు.

ఫిబ్రవరిలో నాకు పొగరెక్కింది. వంగ, మిరప నారు మార్చి మొదట్లో వేస్తే మే నడిమికి పెరట్లో పెట్టే సైజుకి వస్తుందని అందరూ అంటే, లైటుంది కదా, అన్నీ ముందే వేసేద్దామని బీర గింజలు కూడా ఫిబ్రవరిలోనే పాతేశాను. "ఇంత తొందరేంట్రా, పాకేది ఎక్కడికి?" అని అమ్మ అంది. మార్చి చివరికి బీరతీగ ప్యానెల్ గొలుసులు ఎక్కి, అక్కణ్ణుంచి హీటరు గొట్టం పట్టుకుని, వాటర్ హీటరు చుట్టూ తిరిగింది. ఏప్రిల్లో కత్తిరించి పారేశాను. బీర, సొర, కాకర నెల ముందు వేస్తే చాలు. ఏప్రిల్ నడిమిలో మళ్ళీ వేశాను.

అమ్మ ఏప్రిల్ మొదట్లో వెళ్ళిపోయింది. ఉండుంటే మే నెల తప్పు జరిగేది కాదు. ఎండగా ఉందని ఒక ఆదివారం పొద్దున ట్రేలన్నీ డెక్ మీద పెట్టి బయటికెళ్ళాం. సాయంత్రానికి వంగ ఆకులు తెల్లగా కాయితంలా పాలిపోయాయి. 285 జోరులో పెరిగిన పిల్లల్ని మిట్టమధ్యాహ్నం 2000లో నిలబెట్టానని అప్పుడు లెక్కేసుకున్నాను. వీడియో కాల్‌లో చూపిస్తే, "కొత్తగా కాపరానికొచ్చిన కోడలికి మొదటిరోజే ఊరందరికీ వంట చెయ్యమన్నట్టుంది" అంది. మొదట గంటసేపు నీడలో, మర్నాడు రెండు గంటలు, అలా పది రోజులు తిప్పాక మిగిలిన నారు నిలబడింది. నలభైలో ఇరవై ఆరు. ఇరవై దాకా తెలిసినవాళ్ళకి పంచాను.

కరివేపాకు ఇప్పుడు నా ఛాతీ దాకా ఉంది. మొదలు చుట్టూ మూడు పిలకలు లేస్తే వేళ్ళతో సహా తీసి చిన్న కుండీల్లో పెట్టాను. ఒకటి కరీంనగర్ ఆవిడకి, ఒకటి ఎదురింటాయనకి. మూడోది పట్టుకుని ఆ గడ్డం మనిషి షాపుకి వెళ్ళాను. కౌంటర్ మీద పెట్టించుకుని, రెమ్మ తుంచి నలిపి వాసన చూశాడు. దీన్ని ఎండబెట్టాలా అని అడిగాడు. వద్దు, వేడి నూనెలో వెయ్యి, చిటపటలాడుతుంది, మొహం దూరంగా పెట్టుకో అన్నాను. ఎంత జోరు కావాలి అన్నాడు. మూడు వందలు, పదహారు గంటలు అన్నాను. షాపు వెనక గదిలో వాళ్ళ పెద్ద లైట్ల కింద ఒక మూలన దానికి చోటు చేశాడు.